చప్పుడు ఆపే పని

ఈమధ్య ఇద్దరు కుర్రాళ్లు నన్ను వెతుక్కుంటూ అమీర్‌పేట వచ్చారు. గదుల్లో శబ్దాన్ని అదుపు చేసే చదువు చదివారట, ఆ పనిలోనే ఉద్యోగాల్లో చేరబోతున్నారట. "సార్, మీరు మ్యూజిక్ నుంచి సౌండ్‌ప్రూఫింగ్‌లోకి వచ్చారు కదా. రెండూ సౌండే కాబట్టి మీకు ఈజీగానే ఉండి ఉంటుంది" అన్నాడు ఒకడు. కాఫీ ఇచ్చి, అవునని తలూపి పంపేశాను. ఇంటికొచ్చిన పిల్లల మీద ఎగరడం ఎందుకని ఊరుకున్నాను గానీ, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. వంటవాణ్ణి తీసుకెళ్లి జనాన్ని పస్తులుంచే పనిలో పెట్టి, "రెండూ తిండి వ్యవహారాలే కదా" అన్నట్టుంది.

వాళ్లకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. సన్మానం నాకెవరూ చేయలేదు, చేస్తామన్నా వెళ్లేవాణ్ణి కాదు.

గిటారు రోజులు

మాది గుంటూరు వైపు. నాన్నకి ఖైరతాబాద్‌లో గవర్నమెంటు ఉద్యోగం, అమీర్‌పేటలో అద్దె ఇల్లు. కాలేజీలో ఉండగా గిటారు పట్టుకున్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ కనీసం రోజుకోసారి అనేది. నలుగురం కలిసి రాక్ బ్యాండ్ పెట్టాం. నేను లీడ్ గిటారు, డ్రమ్స్ యూసుఫ్. ఇంకొకడు బేస్ వాయించేవాడు, ఇంకొకడు పాడేవాడు.

యూసుఫ్ వాళ్లది పంజాగుట్ట సందులో పరుపుల దుకాణం. కింద కొట్టు, మెట్లెక్కితే పత్తి బేళ్లు దాచే గది. బేళ్లన్నీ ఒక గోడకు నెట్టి అందులో ప్రాక్టీసు చేసేవాళ్లం. గది ఇచ్చేటప్పుడు వాళ్ల నాన్నగారు ఒకే ఒక్క షరతు పెట్టారు.

"బేటా, గల్లీ మొత్తం మొత్తుకున్నా నేను జవాబ్ చెప్పుకుంట. అజాన్ వినపడంగనే మాత్రం చప్పుడు బంద్ గావాలె. గంతే."

గోడలో పైన ఒక చిన్న వెంటిలేటర్ ఉండేది. మసీదు మైకు అందులోంచి వినపడేది. మేం ఎంత హోరులో ఉన్నా యూసుఫ్ చెవికి అది ఎలాగో తగిలేది. చేతిలో పుల్లలు గాల్లోనే ఆగిపోయేవి. అది చూసి మేం తీగల మీద అరచెయ్యి వేసి నొక్కేసేవాళ్లం. అజాన్ అయ్యేదాకా నలుగురం ఆంప్లిఫయర్ల బుసబుస వింటూ కూర్చుని, అవగానే ఆపిన చోటి నుంచే ఒక్కసారిగా ఎత్తుకునేవాళ్లం. అలా ఆగి, అలా అందుకోవడం మాకు ఎంత ఒంటబట్టిందంటే, స్టేజీ మీద కూడా అదే చేసేవాళ్లం. మమ్మల్ని మెచ్చుకున్న కొద్దిమందీ మెచ్చుకున్నది దాన్నే.

గది ఇరుకు. నేను నిలబడే చోటికి యూసుఫ్ పెద్ద సింబల్, అదే ఆ ఇత్తడి పళ్లెం, మూరెడు దూరంలో ఉండేది. సరిగ్గా ఎడమ చెవి పక్కన. కొన్నేళ్లకి ఆ చెవిలో సన్నటి ఈల మొదలైంది. డాక్టరు చూసి, "ఇది పోదండీ, అలవాటు చేసుకోండి" అన్నాడు. చుట్టూ అన్ని పత్తి బేళ్లు పెట్టుకుని చెవిలో కాస్త దూదైనా పెట్టుకోవాలని తోచని వెధవని. మీరైనా జాగ్రత్తగా ఉండండి.

ఎక్కడ వాయించాం? కాలేజీ పండగల్లో, బేగంపేటలో ఒక హోటల్లో శనివారాలు, ఒక్కసారి వినాయక మండపంలో. మండపంలో మూడు ఇంగ్లీషు పాటలు పూర్తిచేశాక కమిటీ కుర్రాడొకడు మర్యాదగా స్టేజీ ఎక్కి నా చెవిలో అడిగాడు. "అన్నా, మైకులు సెట్ చేసుడు ఇంకెంతసేపు? పాటలు ఎప్పుడు షురూ చేస్తరు?" యూసుఫ్ ఆ మాటకి ఏళ్ల తరబడి నవ్వాడు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

తర్వాత హోటల్ వాళ్లు ఒక కీబోర్డు మనిషిని పెట్టుకున్నారు. డ్రమ్స్, బేస్, గిటారు అన్నీ ఆ పెట్టెలోనే. మేనేజరు మాకు ముందుగా చెప్పను కూడా లేదు. శనివారం సామాన్లు మోసుకుని వెళ్తే, మా చోట ఆ పెట్టె ఉంది. దాంతో మా బ్యాండ్ అయిపోయింది. బేస్ వాయించేవాడు అమీర్‌పేటలోనే ఏదో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాడు. పాడేవాడు కాల్ సెంటర్ పిల్లలకి అమెరికా యాస నేర్పే ఉద్యోగంలో చేరాడు. యూసుఫ్ మాత్రం అదే పత్తి గదిలో పిల్లలకి డ్రమ్స్ నేర్పుకుంటూ ఉండిపోయాడు. నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు. మా బావమరిది నన్ను తీసుకెళ్లి వరప్రసాద్ గారి ముందు నిలబెట్టాడు.

కస్టమరుకి చెవులుండవు

వరప్రసాద్ గారిది బెజవాడ. ఫాల్స్ సీలింగులు, చెక్క పార్టిషన్లు వేసే కాంట్రాక్టరు. అమీర్‌పేటలో మేడ కనపడితే చాలు ఇన్‌స్టిట్యూట్ పెట్టేస్తున్న కాలం అది. నిన్నటి దాకా నాలుగు కుటుంబాలు కాపురమున్న ఇంట్లో ఇవాళ పది క్లాసులు. గదికీ గదికీ మధ్య చెక్క అడ్డం. ఒకడు మైకులో జావా చెబుతుంటే పక్కవాడు ఇంకా పెద్ద మైకు పెట్టి ఒరాకిల్ చెప్పేవాడు. మధ్యలో బేగంపేట విమానం నెత్తిమీదుగా పోతే అందరూ నోళ్లు మూసుకునేవాళ్లు. ఆ కాసేపే ఎవరికైనా ప్రశాంతత.

"మూర్తి గారూ, మీకు సౌండ్ సంగతి తెలుసట కదా. మా దగ్గర లేనిది అదొక్కటేనండీ" అని నన్ను పెట్టుకున్నారు ఆయన. మొదటి వారంలోనే తన సూత్రం కూడా చెప్పేశారు. "కస్టమరుకి చెవులుండవండీ. కళ్లుంటాయి. ఆ కళ్లకి ఏదో ఒకటి కనపడాలి."

కనపడాల్సింది స్పాంజి. ముడతలు ముడతలుగా, ఎర్రగానో నల్లగానో ఉంటుంది. గోడ నిండా అంటిస్తే చూసినవాడు ఇదేదో స్టూడియో అనుకుంటాడు. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. స్పాంజి గదిలో మోతని తగ్గిస్తుందంతే, పక్క గదిలోకి పోయే శబ్దాన్ని ఆపదు. ఆపాలంటే బరువు కావాలి, రెండు గోడల మధ్య ఖాళీ కావాలి, అన్నిటికన్నా ముందు సందులు మూయాలి. గాలి దూరే చోట చప్పుడూ దూరుతుంది. ఈ సంగతి వరప్రసాద్ గారికి నాకన్నా బాగా తెలుసు. తెలిసే స్పాంజి అమ్మారు. పైన పటారం, లోన లొటారం. ఆయన్ని చెడ్డవాడని అనను. పండక్కి బట్టలు పెట్టేవారు, మా ఆవిడకి ఆపరేషన్ అయితే ఆస్పత్రికి వచ్చి కూర్చున్నారు. కానీ ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లు నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య ఆయన దృష్టిలో అనవసరపు ఖర్చు.

గోడ పక్క సీట్లు

ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎంత స్పాంజి అంటించినా పక్క క్లాసు వినపడుతోందని గొడవ పెట్టుకున్నారు. వెళ్లి ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి ఎత్తి చూశాను. చెక్క అడ్డం సీలింగ్ దాకానే ఉంది, పైన అసలు శ్లాబు దాకా లేదు. అంటే పైనంతా ఒకటే గది. చప్పుడు హాయిగా గోడెక్కి అవతలికి దిగుతోంది. అమీర్‌పేటలో సగం ఇన్‌స్టిట్యూట్లలో ఇదే తప్పు. ఈ పనిలో చేరాక మీరు ముందు చూడాల్సింది గోడని కాదు, గోడ పైభాగాన్ని.

అడ్డాన్ని శ్లాబు దాకా లేపి, అంచులన్నీ మూయించాను. వారం తిరక్కుండా ముగ్గురు విద్యార్థులు మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నారు. "ఏంటి సార్ ఇలా చేశారు? మేం చిన్న కోర్సుకే కట్టాం. గోడ పక్కన కూర్చుని పెద్ద కోర్సు కూడా వింటున్నాం. మా రూములో నలుగురం అలాగే చదువుకుంటున్నాం సార్." ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఆపమన్నవాడి గురించే నేను ఆలోచించాను. వినేవాళ్లు కూడా ఉంటారని ఆ పిల్లలు చెప్పారు, నేను దాన్ని తమాషా అనుకుని ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను.

వెంటిలేటర్

తర్వాత కొన్నాళ్లకి సుధాకర్ గారని ఒక ఇన్‌స్టిట్యూట్ యజమాని పిలిపించారు. పంజాగుట్ట సందులో కొత్తగా కట్టిన మేడ. విద్యార్థులు అమెరికా కంపెనీలతో ఫోన్‌లో ఇంటర్వ్యూలు ఇవ్వడానికని ఒక గది కట్టించుకున్నారు. సాయంత్రమయ్యేసరికి పక్కింట్లోంచి డ్రమ్స్. "అవతల అమెరికావాడు, మీ ఇంట్లో పెళ్లా అని అడుగుతున్నాడండీ. ఉద్యోగాలు పోతున్నాయి. రేపు పోలీసు కంప్లయింట్ ఇస్తున్నాను" అన్నారు.

గోడకి చెవి ఆనించాను. వరసగా దెబ్బలు దొర్లించుకుంటూ వచ్చి, చివరి దెబ్బ ఒక్కటి ఎగ్గొట్టి వదిలేశాడు అవతలివాడు. ప్రపంచంలో ఆ దెబ్బ ఎగ్గొట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే. ఆ సందుకి నేను కొన్నేళ్లుగా పోవడం మానేశాను. సందంతా మారిపోయి, నేను నిలబడ్డ మేడ యూసుఫ్ వాళ్ల దుకాణం గోడకే ఆనుకుని లేచిందని అప్పటిదాకా పోల్చుకోలేదు.

మెట్లెక్కి వెళ్తే యూసుఫ్ లేచి గట్టిగా వాటేసుకున్నాడు. జుట్టు నెరిసింది. వాళ్ల నాన్నగారు పోయారు. దుకాణం పెద్దన్నయ్య చూసుకుంటున్నాడు. "పోలీసులు, లొల్లి ఇవన్నీ అయితే గది కిరాయికి ఇచ్చేస్త అంటుండు మా భాయ్" అన్నాడు. "గా సుధాకర్ సారే తీసుకుంట అన్నడంట. గీ గది పోతే నాకింకేముంది మూర్తి భాయ్? నాకు వేరే పని సుత రాదు."

ఆ గది దక్కించాలి. నా ఉద్యోగంలో మనసు పెట్టి అనుకున్న పని అదొక్కటే. సుధాకర్ గారికి గంటసేపు నచ్చజెప్పాను. మీ గదిలో ఏం చేసినా డ్రమ్స్ ఆగవు, చప్పుడు పుట్టేచోటే ఆపాలి, మీ ఖర్చుతో అతని గదిని కట్టనివ్వండి, పోలీసుల కన్నా త్వరగా తేలుతుంది అన్నాను. చివరికి సరేనన్నారు. వరప్రసాద్ గారు మాత్రం, "ఊళ్లోవాళ్ల ఇంట్లో మన పనేంటండీ? సారు గదికి స్పాంజి కొట్టి రండి, చాలు" అని విసుక్కున్నారు. మొదటిసారి ఆయన మాట కాదన్నాను.

గదిలో ఇంకో గది కట్టాను. పాత లారీ టైర్లు కోయించి, ఆ ముక్కల మీద చెక్క నేల వేశాను, డ్రమ్ దెబ్బ ఇంటి నేలకి తగలకుండా. పాత గోడకి దూరంగా కొత్త గోడ, మధ్యలో దూదిలా కూరే గాజు ఊలు. ఇద్దరు పడితే గానీ కదలని తలుపు, దాని చుట్టూ రబ్బరు. స్పాంజి ఒక్క ముక్క కూడా వాడలేదు. పనివాళ్లు వెళ్లాక కూడా చేత్తో తడిమి తడిమి సందులు వెతికాను. వాయించేటప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదేమో.

వెంటిలేటర్ మూయించబోతుంటే యూసుఫ్ అన్నాడు. "అది ఉండనీ భాయ్. జర గాలి వస్తది."

"ఏంటి యూసుఫ్, వేలెడంత సందున్నా చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. గాలికి ఫ్యాను పెట్టిస్తాను" అన్నాను. ఇటుకలు పెట్టి మూయించేశాను. దానికి రెండో పొర కూడా వేయించాను.

పని పూర్తయిన సాయంత్రం నేను, సుధాకర్ గారు ఇంటర్వ్యూ గదిలో నిలబడ్డాం. అవతల యూసుఫ్ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వాయిస్తున్నాడు. గోడకి చెవి ఆనిస్తే ఏమీ లేదు. సుధాకర్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను పరుగున అవతలికెళ్లి తలుపు లాగాను. యూసుఫ్ చెమటతో తడిసి ఉన్నాడు.

"వినపడ్డదా?"

"అస్సలు లేదు!"

"అస్సలు లేదా?" అన్నాడు మళ్లీ. నేను ఎగిరి గంతేస్తున్నాను కాబట్టి అతని మొహం సరిగ్గా చూడలేదు.

కొండనాలుకకి మందు

కొన్ని నెలల తర్వాత అటు వెళ్లాను. సాయంత్రం పూట పిల్లలతో కిటకిటలాడాల్సిన గదిలో యూసుఫ్ ఒక్కడే ఉన్నాడు. బరువైన ఆ తలుపు బార్లా తెరిచి, పుల్లలు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"పిల్లలేరి?"

"ఎట్లొస్తరు భాయ్? సందుల నుంచి పోతుంటే వినపడుతుండె, మెట్లెక్కి వస్తుండ్రి. ఇప్పుడు వినపడదు గద. బోర్డు పెట్టిన. గీ అమీర్‌పేట, పంజాగుట్టల ఉన్న బోర్డులల్ల నా బోర్డు ఎవడు చూస్తడు చెప్పు?"

తలుపు ఎందుకు తీసి కూర్చున్నావని అడిగాను. పుల్లలు పక్కన పెట్టి చెప్పాడు.

"పోయిన నెల వాయించి బయటికొచ్చిన. మంది అంత నమాజ్ చదివి మసీదు నుంచి వాపస్ వస్తుండ్రు. మా భాయ్ మెట్ల కాడ నిలబడ్డడు. నన్నే చూస్తుండు. పోయిన మా అబ్బాజాన్ ఒక్కటే మాట అడిగిండు నన్ను, జిందగీ మొత్తంల. అజాన్ అయితుంటే నేను లోపల డ్రమ్స్ కొడుతున్న భాయ్."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు కదా అన్నాను. అనగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

"పెట్టిన. మోగుతది, ఆపుత. గని అది నా అలారమే గద. నన్ను నేనే పిలుసుకున్నట్టుంటది." తలుపు వైపు చూపించాడు. "గందుకే తలుపు తీసి పెడుతున్న. తీస్తే సుధాకర్ సార్ మనిషిని పంపుతుండు. బంద్ చేస్తే నాకేం వినపడదు. నువ్వే చెప్పు, ఎట్ల వాయించాలె?"

"వెంటిలేటర్ ఉంచమన్నప్పుడు ఈ మాట చెప్పొద్దా యూసుఫ్?"

"నువ్వు అంత ఇష్టంగ చేస్తుంటివి. బ్యాండ్ పోయినంక నీ మొహంల నవ్వు అప్పుడే చూసిన. ఎట్ల చెప్పాలె?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వెంటిలేటర్ పగలగొడతానన్నాను. నిజంగానే గునపం తెచ్చాను కూడా. యూసుఫ్ వాళ్ల అన్నయ్య ఒప్పుకోలేదు. గది సుధాకర్ గారికి కిరాయికి మాట్లాడేశాడు. అంత మంచిగా కట్టిన గదికి మంచి కిరాయి వస్తుందట. నేను పోలీసుల నుంచి గదిని కాపాడాను, అది యూసుఫ్‌కి మాత్రం దక్కలేదు. అతను డ్రమ్స్ అమ్మేసి ఎర్రగడ్డ రైతు బజారు దగ్గర పరుపుల కొట్టు పెట్టుకున్నాడు. అటు వెళ్తే టీ తాగిస్తాడు. పత్తి ధర గురించి మాట్లాడుకుంటాం.

శాంపిల్ గది

ఆ గది సుధాకర్ గారి ఇంటర్వ్యూ గది అయింది. ఊళ్లో అంత నిశ్శబ్దమైన గది ఇంకోటి లేదని పేరొచ్చింది. వరప్రసాద్ గారు అంతదాకా విసుక్కున్నవారు, ఇప్పుడు కొత్త కస్టమరు ఎవరొచ్చినా "మా మూర్తి గారు చూపిస్తారు" అని నన్ను తోడిచ్చి అక్కడికి పంపేవారు. అది చూపించి కాంట్రాక్టు తెచ్చుకోవడం, తర్వాత కస్టమరుకి స్పాంజి అంటించడం. నేను రిటైరయ్యేదాకా జరిగింది ఇదే. ఈ వృత్తి మీద నాకు ద్వేషం ఎందుకని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ముక్క చెబితే చాలు.

వెళ్లిన ప్రతిసారీ ఒకటే తంతు. కస్టమరుని లోపలికి తీసుకెళ్లి, ఆ బరువైన తలుపు నెట్టి మూసేవాణ్ణి. బల్లా, ఫోనూ పెట్టి ఉండేవి. ఎటు నిలబడినా నా కాళ్లు నన్ను పాత చోటికే తీసుకెళ్లేవి, సింబల్ ఉండే చోటికి మూరెడు దూరానికి. "ఇప్పుడు చెప్పండి సార్, ఏమైనా వినపడుతోందా?"

కస్టమరు ఊపిరి బిగబట్టి వినేవాడు. బయట పంజాగుట్ట ట్రాఫిక్ లేదు, విమానం లేదు, అజాన్ లేదు. అంత నిశ్శబ్దంలో నా ఎడమ చెవిలో ఈల లేచేది. వీధిలో ఉంటే తెలియదు, ఇంట్లో ఉంటే ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. ఆ గదిలో మాత్రం సన్నగా, గట్టిగా, ఆగకుండా వినపడేది. యూసుఫ్ కొట్టి వదిలేసిన సింబల్ ఇంకా మోగుతూనే ఉన్నట్టు.

"అబ్బే, ఏమీ లేదండీ. అద్భుతంగా చేశారు" అనేవాడు కస్టమరు.

"అవునండీ, ఏమీ వినపడదు" అనేవాణ్ణి నేను.